పాత ఎం3 నడపడం చవకా, కొత్త తరం ఎం3 నడపడం చవకా?

ఆరో సిలిండర్ (ప్రశ్న):

బీఎండబ్ల్యూ ఎం3 కొందామని డబ్బు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఏ తరంది కొనాలో తేలడం లేదు. మూడు బండ్లు చూసి వచ్చాను (ఈ46, ఈ92 లాంటివి ఆ తరాల కోడ్ పేర్లు). ఒకటి 2004 ఈ46, మాన్యువల్ గేర్‌బాక్స్. రెండోది 2010 ఈ92, అంటే వీ8 ఇంజిన్‌ది, డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్). మూడోది 2016 ఎఫ్80, ట్విన్ టర్బో, మాన్యువల్. వింత ఏమిటంటే, బాగా చూసుకున్న ఈ46కి అడుగుతున్నదీ, బాగా తిరిగిన ఎఫ్80కి అడుగుతున్నదీ దాదాపు ఒకటే. కాబట్టి కొనే ధరతో నాకు ఇబ్బంది లేదు. కొన్నాక అయ్యే ఖర్చు గురించే నా టెన్షన్ అంతా.

నా వాడకం ఏడాదికి 10,000 కిలోమీటర్లు ఉంటుంది. ఎక్కువగా వారాంతాల్లో, అప్పుడప్పుడు ఆఫీసుకి, ఏడాదికి ఒకటి రెండు సార్లు ట్రాక్ మీదికి. ఇంట్లో వేరే కారు ఉంది కాబట్టి ఇది షెడ్డులో వారం రోజులు పడి ఉన్నా నా పనులు ఆగవు. ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు నేనే మార్చుకుంటాను. ఇంజిన్ విప్పే ధైర్యం మాత్రం లేదు.

నా లెక్క ప్రకారం ఈ46లో టర్బోలు లేవు, కంప్యూటర్లు తక్కువ, సింపుల్ బండి, కాబట్టి నడపడం చవక. మా బావ మాత్రం ఇరవై ఏళ్ల బండి కొనడం కొరివితో తల గోక్కోవడమే అంటున్నాడు. ఎఫ్80 కూడా వద్దు, కొత్త జీ80 లీజుకు తీసుకో, నెలకింత అని కట్టి ప్రశాంతంగా నడుపు అని ఆయన సలహా.

దయచేసి లెక్కల్లో చెప్పండి. "ఏది మనసుకు నచ్చితే అది కొను" అనే జవాబు మాత్రం వద్దు. మూడూ నచ్చాయి, బాధంతా అదే.

గ్రీజు చేతులు:

"టర్బో లేదు కాబట్టి సింపుల్" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఈ46లో ఉన్న ఎస్54 ఇంజిన్ టర్బో లేకుండానే 3.2 లీటర్లలోంచి 343 హార్స్‌పవర్ తీస్తుంది. 8,000 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది. ఆరు సిలిండర్లకు ఆరు విడివిడి థ్రాటిల్స్. వాల్వ్ టైమింగ్ మార్చే వ్యానోస్ యూనిట్‌కి సొంతంగా ఒక హై ప్రెజర్ పంపు. పైగా వాల్వుల సందును తమంతట తామే సర్దే హైడ్రాలిక్ లిఫ్టర్లు లేవు. సుమారు 50,000 కిలోమీటర్లకోసారి కవర్ విప్పి, ఫీలర్ గేజ్‌తో సందు కొలిచి, షిమ్‌లు (సందు సర్దే పల్చటి బిళ్లలు) మార్చాలి. పాతది అనండి ఒప్పుకుంటాను, సింపుల్ అంటే మాత్రం ఒప్పుకోను.

నా దగ్గర ఈ46 చాలా ఏళ్లుగా ఉంది, పని నేనే చేసుకుంటాను. ఈ92, ఎఫ్80లు నావి కాకపోయినా స్నేహితుల బండ్ల కింద పడుకుని గడిపిన ఆదివారాలు బోలెడు. నాకు అర్థమైంది ఏమిటంటే, తరం మారేకొద్దీ ఖర్చు అడిగే పద్ధతి మారుతుంది. పాత బండి సంవత్సరాల లెక్కన అడుగుతుంది, తిప్పినా తిప్పకపోయినా. కొత్తది కిలోమీటర్ల లెక్కన అడుగుతుంది, అది చాలదన్నట్టు విలువ తరుగు పేరుతో మీకు కనిపించకుండా ఇంకొంత పట్టుకుపోతుంది. అందుకే వాడకం చెప్పకుండా ఏది చవక అని అడిగేవాళ్లకు నేను జవాబివ్వను. మీరు చెప్పారు, సంతోషం.

పెట్రోల్ లెక్క తేలిగ్గా తేలేది కాబట్టి ముందు అది. యూరప్‌లో కంపెనీ ప్రకటించిన వినియోగం 100 కిలోమీటర్లకు ఈ46కి 11.9 లీటర్లు, ఈ92 మాన్యువల్‌కి 12.4, ఎఫ్80 మాన్యువల్‌కి 8.8. (మీరు చూసిన డీసీటీ ఈ92 కాస్త నయం.) 10,000 కిలోమీటర్లకు ఈ46 1,190 లీటర్లు తాగితే ఎఫ్80 880 తాగుతుంది. తేడా 310 లీటర్లు. మీ దగ్గర పెట్రోల్ ధరతో గుణించుకోండి, ఒక సెట్ మంచి టైర్ల ఖరీదు కంటే తక్కువే వస్తుంది. అది కూడా కాగితం మీద. రోడ్డు మీద ఏ బండీ ఆ అంకె చూపించదు. టర్బో ఇంజిన్ అయితే కాలు నొక్కినంతసేపూ ఆ పొదుపు మొత్తం వదిలేస్తుంది. ట్రాక్ మీద మూడూ ఒకేలా తాగుతాయి, అక్కడ మైలేజీ గురించి మాట్లాడుకోవడం దండగ.

ఇంకో మాట. జీ80కి 10 లీటర్లకు పైన రాసి ఉంటుంది. అది చూసి ఎఫ్80 కంటే ఎక్కువ తాగుతుంది అనుకోకండి. ఎఫ్80 అంకె పాత ఎన్‌ఈడీసీ పరీక్షది, జీ80 అంకె 2017 తర్వాత వచ్చిన డబ్ల్యూఎల్‌టీపీ పరీక్షది. కొత్త పరీక్ష కాస్త నిజానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి అంకె పెద్దదిగా కనబడుతుంది. రెండిటినీ పక్కపక్కన పెట్టి పోల్చడం కాకిలెక్క.

ఇక అసలు విషయం, వయసు. 2004 బండి అంటే అందులోని ప్రతి రబ్బరు ముక్కకీ, ప్రతి ప్లాస్టిక్ ముక్కకీ ఇరవై ఏళ్లు దాటాయి. రేడియేటర్ పక్కన ఉండే ఎక్స్‌పాన్షన్ ట్యాంకు, కూలెంట్ పైపులు, కంట్రోల్ ఆర్మ్ బుష్‌లు, ప్రొపెల్లర్ షాఫ్ట్ ముందుండే రబ్బరు కప్లింగ్, ఇంజిన్ మౌంట్లు, స్టీరింగ్ హైడ్రాలిక్ పైపులు. వీటిలో ఏదీ విడిగా భయపెట్టే ఖర్చు కాదు. కానీ వరసగా వస్తాయి. 40,000 కిలోమీటర్లే తిరిగిన ఈ46 దొరికిందని జనం ఎగబడతారు. నేనైతే 1,50,000 తిరిగి, మధ్యలో ఇవన్నీ మార్చిన బిల్లులున్న బండినే కొంటాను. తక్కువ తిరిగినదానికి ఆ బిల్లులన్నీ కొన్నవాడే కట్టాలి.

ఈ46కి ప్రత్యేకంగా ఒక జబ్బు ఉంది, మీరు తప్పకుండా విని ఉంటారు. వెనుక సబ్‌ఫ్రేమ్ (సస్పెన్షన్‌ని మోసే చట్రం) బిగించే చోట బండి అడుగు రేకు చీలుతుంది. ఇంజిన్ లాగుడంతా ఆ నాలుగు మౌంట్ల దగ్గర పల్చటి రేకు మీద పడుతుంది, ఏళ్ల తరబడి అటూ ఇటూ ఊగి వెల్డింగ్ చుక్కలు ఊడతాయి, తర్వాత చీలిక పాకుతుంది. మొదట్లోనే పట్టుకుంటే సబ్‌ఫ్రేమ్ దింపి ఉక్కు పలకలు వెల్డ్ చేస్తే సరిపోతుంది. ఆలస్యమైతే రేకే కోసి కొత్తది వేయాలి, అప్పుడు ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఎలాగూ అంతా దింపుతారు కాబట్టి బుష్‌లు, బ్రేక్ పైపులు, హ్యాండ్‌బ్రేక్ కేబుళ్లు అప్పుడే మార్చేయాలి. రెండోసారి దింపడానికి ఎవరికీ ఓపిక ఉండదు.

ఈ92 గురించి మొహమాటం లేకుండా చెబుతాను. ఇంజిన్ అద్భుతం, 8,300 ఆర్‌పీఎం దగ్గర ఆ వీ8 శబ్దానికి సాటి లేదు. ఖర్చు విషయంలో మాత్రం మూడింటిలో ఇదే బరువు. రాడ్ బేరింగులే అసలు కథ. క్రాంక్‌షాఫ్ట్‌కీ కనెక్టింగ్ రాడ్‌కీ మధ్య ఉండే ఆ పల్చటి గుల్లల చుట్టూ ఆయిల్ పొర నిలవాలి. ఈ92లోని ఎస్65 ఇంజిన్‌లో ఆ సందు చాలా బిగుతుగా ఉంది, పోసేదేమో 10డబ్ల్యూ60 లాంటి చిక్కటి ఆయిల్. చల్లటి ఇంజిన్‌ని రేజ్ చేస్తే ఆ గుల్లలే అరుగుతాయి. ఇంజిన్ కిందికి దించకుండానే ముందువైపు సబ్‌ఫ్రేమ్, ఆయిల్ పాన్ తీసి కింది నుంచి బేరింగులు మార్చవచ్చు. సామాను ఖరీదు కంటే కూలీ ఎక్కువ. మార్చకుండా వదిలేసి, అవి పోతే ఇంజినే పోయినట్టు. అందుకే చాలామంది ముందు జాగ్రత్తగా మార్చేస్తారు. ఎస్54కీ ఈ బేరింగుల చరిత్ర ఉంది. 2003లో కంపెనీయే తొలి బండ్లను వెనక్కి పిలిపించి బేరింగులు మార్చింది. కాకపోతే ఈ92 మీద చర్చ ఇంకా చల్లారలేదు.

ఆ బండికే థ్రాటిల్ యాక్చుయేటర్లు రెండు, ఒక్కో వరస సిలిండర్లకు ఒకటి. లోపలి ప్లాస్టిక్ పళ్లు అరిగి, ఎలక్ట్రానిక్స్ దెబ్బతిని బండి లింప్ మోడ్‌లోకి (పవర్ తగ్గించుకుని కుంటుతూ నడిచే స్థితిలోకి) వెళ్తుంది. అదీ తెలిసిన ఖర్చే, ముందే పక్కన పెట్టుకోవచ్చు. ఆయిల్ మార్చిన ప్రతిసారీ 8.8 లీటర్లు పోయాలి, ఈ46కి 5.5 చాలు.

ఎఫ్80లో ఎస్55 ఇంజిన్ పాతవాటి కంటే నెమ్మదస్తురాలు. రోజువారీ గొడవ తక్కువ. రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, డైరెక్ట్ ఇంజెక్షన్. పెట్రోల్ నేరుగా సిలిండర్‌లో పడుతుంది, ఇంటేక్ వాల్వుల్ని కడగదు. మెల్లగా వాటి మీద మసి పేరుకుంటుంది. అక్రోటు పెంకు పొడిని గాలితో కొట్టి శుభ్రం చేస్తారు. ఎస్54కి, ఎస్65కి ఈ పని ఉండదు. రెండోది క్రాంక్ హబ్, దాని గురించి ఎవరో ఒకరు కింద గొడవ పడతారు, వాళ్లకే వదిలేస్తున్నా.

బూస్ట్ బాబాయ్:

ఆ గొడవ పడేది నేనే. ఎఫ్80 నడుపుతున్నాను, మాన్యువల్, ఇంజిన్ ట్యూనింగ్ ఏమీ లేకుండా.

క్రాంక్ హబ్ గురించి రాసేవాళ్లలో చాలామంది ఆ బండి కొననివాళ్లే. విషయం ఇదీ: క్రాంక్ ముందు చివర టైమింగ్ చైన్ పళ్లచక్రం ఒక్క బోల్టు బిగింపు రాపిడితోనే నిలబడుతుంది, మేకు గాని తాళం గాని లేదు. హఠాత్తుగా ఇంజిన్ వేగం మారినప్పుడు అది జారితే టైమింగ్ తప్పుతుంది. ఎక్కువగా జారేది పవర్ పెంచిన బండ్లలో, అందులోనూ గేర్లు ఝాడించి మార్చే డీసీటీల్లో. కంపెనీ నుంచి వచ్చిన పవర్‌తో మాన్యువల్ నడిపేవాడు ఆ భయంతో నిద్ర పాడు చేసుకోనక్కర్లేదు. కొనే ముందు ఆ బండికి ఎప్పుడైనా ట్యూన్ (పవర్ పెంచే సాఫ్ట్‌వేర్) వేశారా, తీసేశారా అని మాత్రం నిలదీయండి. అమ్మేవాడు "స్టేజ్ వన్ మాత్రమే అండీ" అని నవ్వితే లేచి వచ్చేయండి.

ఎఫ్80 డబ్బు అడిగే చోటు వేరు: టైర్లు, బ్రేకులు. ఈ46 టార్క్ 365 న్యూటన్ మీటర్లు, అదీ 4,900 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది. ఎఫ్80కి 550, అదీ 1,850 నుంచే. రెండూ వెనుక చక్రాలకే వెళ్తాయి. సిగ్నల్ దగ్గర మామూలుగా కదిలినా వెనుక టైరు కొంచెం రాసుకుంటుంది. పైగా సైజులు చూడండి. ఈ46 18 అంగుళాల చక్రాలకు ముందు 225, వెనుక 255. ఎఫ్80కి 255, 275. జీ80 కాంపిటీషన్‌కి ముందు 19 అంగుళాల 275, వెనుక 20 అంగుళాల 285. తరాలు మారేకొద్దీ వెడల్పు పెరిగింది, జీ80 దగ్గరికి వచ్చేసరికి అంగుళాలూ పెరిగాయి, షాపులో బిల్లు కూడా. ముందు చక్రాలు, వెనుక చక్రాలు వేరు సైజు కాబట్టి అటూ ఇటూ మార్చి అరుగుదల సర్దే వీలు కూడా లేదు.

ముందు బ్రేక్ డిస్కులు ఈ46కి 325 మిల్లీమీటర్లు, ఈ92కి 360, ఎఫ్80కి 380. ట్రాక్‌కి తీసుకెళ్తానంటున్నారు కాబట్టి ఇది మీకు నేరుగా తగిలే ఖర్చు. కార్బన్ సెరామిక్ బ్రేకులున్న ఎఫ్80 దొరికితే రోడ్డుకి మంచిదే, ట్రాక్ ప్లాన్ ఉంటే మామూలు ఇనుప డిస్కులదే కొనండి. సెరామిక్ డిస్కు ఒకటి మార్చాల్సి వస్తే ఆ బిల్లు ఇంట్లో చూపించలేరు.

విడిభాగాల కౌంటర్:

కౌంటర్ వెనక కూర్చుని చూసేవాణ్ణి కాబట్టి నా వైపు నుంచి రెండు ముక్కలు.

కొత్త బండిలో ఏదైనా పోతే ముక్క దొరకదు, మొత్తం యూనిట్ కొనాలి. ఈ46లో హెడ్‌లైట్ బల్బు పోతే బల్బు మార్చాం. జీ80 హెడ్‌లైట్‌లో ఒక మూల చెమ్మ చేరి ఎల్‌ఈడీ ఆరిపోతే చాలాసార్లు లైటు మొత్తం ఆర్డర్ పెట్టాలి, పెట్టాక కంప్యూటర్‌తో కోడింగ్ కూడా చేయాలి. ముందు అద్దం పగిలితే, కెమెరా ఉన్న బండి అయితే, అద్దం వేశాక కెమెరాని మళ్లీ సరిచేయాలి. బ్యాటరీ మార్చినా ఈ92 నుంచి బండికి ఆ సంగతి నమోదు చేయాలి, లేకపోతే ఛార్జింగ్ పాత బ్యాటరీ ఉన్నట్టే చేస్తుంది. ఈ46కి అవేవీ లేవు. సస్పెన్షన్ కూడా అంతే: ఈ46 ఎం3లో మామూలు డాంపర్లే (షాక్ అబ్జార్బర్లే) ఉండేవి. ఈ92, ఎఫ్80ల్లో ఎలక్ట్రానిక్ డాంపర్లు ఆప్షన్, జీ80లో అవే స్టాండర్డ్. లీకయినప్పుడు ఒక్కోటీ మామూలుదాని కంటే చాలా ఎక్కువ.

స్టీరింగ్ మాత్రం తిరగబడింది. ఈ46, ఈ92ల్లో హైడ్రాలిక్. పైపు చెమరుస్తుంది, మారుస్తాం, అంతే. ఎఫ్80 నుంచి ఎలక్ట్రిక్. ఏళ్లపాటు చేయి పెట్టే పని లేదు, పెట్టాల్సి వస్తే ర్యాక్ మొత్తం.

ఇప్పుడు పాతదాని సంగతి. ఈ46 ఎం3లు సుమారు 85,000 తయారయ్యాయి, అందుకే బయటి కంపెనీల సామాను ఇప్పటికీ బాగా దొరుకుతోంది. బుష్‌లు, కూలింగ్ సామాను, బ్రేకులు, వెల్డింగ్ పలకలు, బేరింగులు, వీటికి కరువు లేదు. కానీ లోపలి ట్రిమ్, ప్రత్యేకమైన సీటు ముక్కలు, కొన్ని బాడీ భాగాలు ఎం3కి మాత్రమే సరిపోయేవి, అవి దొరకడం రోజురోజుకూ కష్టమవుతోంది. డబ్బు పెట్టగలిగినా వస్తువు లేకపోతే బండి నెలల తరబడి నిలబడుతుంది. కాబట్టి ఈ46 చూసేటప్పుడు ఇంజిన్ మాత్రమే కాదు, డోర్ సీళ్లు, డ్యాష్‌బోర్డు, సీట్ల అంచులు కూడా చూడండి. ఇంజిన్ బాగు చేయడం తేలిక, చిరిగిన సీటు అంచు కంపెనీ తోలుతో తెప్పించడం కష్టం.

ఫ్లాట్ సిక్స్:

ఎం3ల మధ్యలోకి దూరుతున్నందుకు ఏమనుకోకండి. పోర్షే 911 వాళ్లం ఈ లెక్క ఎప్పుడో చూశాం. 996 తరంలోనూ, దాని తర్వాతి తొలి 997ల్లోనూ సాధారణ కరేరా ఇంజిన్‌లో ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ అనే భయం ఉండేది. 2009 మోడల్ 997కి కొత్త ఇంజిన్ వచ్చింది, అందులో ఆ షాఫ్టే లేదు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకే తరం, ఒకే ఆకారం. ఖర్చు లెక్కలో మాత్రం రెండు వేర్వేరు బండ్లు. మీ ఈ92ల్లో కూడా తర్వాత్తర్వాత బేరింగుల రకం మారిందని విన్నాను. తరం పేరు కంటే తయారైన నెల అడగడం మేలు.

ఆరో సిలిండర్:

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. ఈ92 మనసులోంచి తీసేశాను. (శబ్దం ఇంకా చెవుల్లోనే ఉంది.) ఇప్పుడు ఈ46కీ ఎఫ్80కీ మధ్య ఉన్నాను. గ్రీజు చేతులు గారూ, నా వాడకానికి మీరైతే ఏది తీసుకుంటారు? మా బావ లీజు మాట ఇంకా వదలడం లేదు, దానికీ ఏదో ఒకటి చెప్పండి.

గ్రీజు చేతులు:

ఫ్లాట్ సిక్స్ గారి మాట నిజమే. ఈ92కి బేరింగుల రకం మారింది 2010, 2011 ప్రాంతంలో. పాత వాటిలో సీసం ఉండేది, అందుకే ఆయిల్ ల్యాబ్‌కి పంపితే సీసం పాళ్లను బట్టి అరుగుదల అంచనా వేసేవాళ్లు. కొత్త వాటిలో సీసం లేదు కాబట్టి ఆ పరీక్ష అంతగా పనికిరాదు. సందు సమస్య మాత్రం అలాగే ఉంది. బేరింగులు మార్చిన బిల్లు ఉన్న ఈ92 దొరికితే మళ్లీ ఆలోచించండి, వద్దనను.

లీజు విషయం. మీ బావగారు చెప్పినదాంట్లో ప్రశాంతత నిజమే. వారంటీ ఉంటుంది, హఠాత్తుగా పెద్ద బిల్లు రాదు. కానీ కొత్త బండి విలువ బాగా తరిగేది మొదటి రెండు మూడేళ్లలోనే, లీజులో నెల నెలా మీరు కట్టేది ముఖ్యంగా ఆ తరుగునే. మూడేళ్లు అయ్యాక మీ చేతిలో బండి ఉండదు. కిలోమీటర్ల పరిమితి ఉంటుంది, తిరిగిచ్చేటప్పుడు టైర్లు, చక్రాల గీతలు, డిస్కులు చూస్తారు. ట్రాక్‌కి వెళ్లేవాడికి లీజు ఒప్పందంలో ప్రతి లైనూ చదవాల్సిందే, చాలా వారంటీలు ట్రాక్ వాడకానికి వర్తించవు. రోజూ ఆఫీసుకు నడుపుతూ బండి గురించి అసలు ఆలోచించకూడదు అనుకునేవాడికి జీ80 లీజు మంచిదే. మీరు బండి కింద పడుకునే రకం. మీకెందుకు?

పాత బండి పడిపోవాల్సిన విలువ అప్పటికే పడిపోయి ఉంటుంది. ఈ46 మంచిది అయితే మూడేళ్ల తర్వాత కొన్న ధరకు దగ్గరగానే అమ్ముడుపోయే అవకాశం ఎక్కువ. మీరు పెట్టిన మరమ్మతు ఖర్చు తిరిగి రాదు, కానీ బండి విలువను కాపాడుతుంది. ఎఫ్80 ఇంకా పడుతోంది. 2016 బండికి కూడా ఇప్పుడిప్పుడే వయసు ఖర్చు మొదలవుతుంది, రబ్బరుకి అది ఏ తరమో తెలియదు కదా. అంటే ఎఫ్80లో ఇవాళ రెండు రకాల ఖర్చులూ కలుస్తాయి: కొత్తదాని తరుగు, పాతదాని బుష్‌లు. పెట్రోల్ దగ్గర మిగిలే 310 లీటర్లు వాటికి ఏ మూలకీ సరిపోవు. ఏడాదికి 25,000 కిలోమీటర్లు తిరిగేవాడైతే నేనే ఎఫ్80 కొనమనేవాణ్ణి, అప్పుడు తేడా 775 లీటర్లు. రోజూ నడపడానికి ఈ46 ఒప్పుకుంటుంది కానీ మీరు అలసిపోతారు.

మీ 10,000కి, ఇంట్లో ఇంకో కారు ఉందన్నదానికి, చేయి పెట్టగలరన్నదానికి నా ఓటు ఈ46కే, ఒక్క షరతు మీద. అడుగు రేకు పని అయిపోయి ఉండాలి, లేదా రేకు బాగుందని మీరు కళ్లతో చూడాలి. అది లేకుండా ధర ఎంత తగ్గించినా వద్దు. అప్పుడు ట్యూన్ చేయని ఎఫ్80 తీసుకోండి, తప్పేమీ లేదు. మొదటి ఏడాదికి మాత్రం ఈ46కి కొనే ధరలో కనీసం ఏడో ఎనిమిదో వంతు విడిగా ఉంచుకోండి. కూలింగ్ సామాను మొత్తం, అన్ని ద్రవాలు, వాల్వ్ సందులు, వ్యానోస్ లోపలి సీళ్లు, ముందు బుష్‌లు, ఇవి రికార్డులో లేకపోతే మొదటే చేయించేయండి. వాల్వ్ సందుల పని నేర్చుకుంటే మీరే చేయగలరు, ఇంజిన్ విప్పే పని కాదు, ఓపిక పని.

చూడ్డానికి వెళ్లినప్పుడు బండిని లిఫ్ట్ మీద పెట్టించండి. సబ్‌ఫ్రేమ్ నాలుగు మౌంట్ల చుట్టూ అండర్‌కోటింగ్ పొర కింద చీలిక దాక్కుంటుంది, కాస్త గీకనివ్వమని అడగండి. గీకనివ్వకపోతే అదే జవాబు అనుకోండి. తర్వాత బూట్‌లో కార్పెట్ ఎత్తి లోపలివైపు వెల్డింగ్ చుక్కలు కూడా చూడండి, కింద పలకలు వేసి లోపల వదిలేసిన బండ్లు ఉన్నాయి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయమనండి, మీరు వెళ్లేసరికి వేడెక్కి ఉంటే ఇంకో రోజు వెళ్లండి. బాగా వెలుతురులో ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి, అందరం చూస్తాం.

బూస్ట్ బాబాయ్:

ఎఫ్80 కూడా ఒకసారి నడిపి చూసి రండి అన్నా, ఊరికే ఫోటోలు చూసి తేల్చేయకండి. ట్యూన్ సంగతి అడగడం మర్చిపోకండి.